పసుపు గుడ్డల మమ్మీ

ఆ ఉదయం దర్శకుడు దేవేంద్ర పథకం చిన్నదే. చంపావతి ఏటి ఇసుకలోంచి మమ్మీ లేవాలి, ఊరి జనం హడలి పరిగెత్తాలి, సాయంత్రానికి అద్దె కెమెరా విశాఖ చేరాలి. ఈజిప్టు పోయే స్తోమత లేదు కాబట్టి ఈజిప్టే నెల్లిమర్ల పక్కకు వచ్చింది.

మమ్మీ వేషం చినబాబుది. సాలూరు లారీల మీద క్లీనరు. అతని చెవిన పడ్డ మాట వీధి చివరికి అతనికంటే ముందే చేరేది. అందుకే ఎవరూ అతనికి ఏమీ చెప్పేవారు కాదు. గదమాయిస్తే కుక్క కూడా లేచేది కాదు. ఒక్కసారైనా ఊరు తనను చూసి జడుసుకోవాలని అతని కోరిక.

తెచ్చిన పాత పంచెలు కాళ్ళ నుంచి నడుము దాకానే వచ్చాయి. పై భాగానికి చినబాబు తన భార్య రాజకుమారి పెట్టెలోంచి ఎర్ర నెమళ్ళ అంచు తెల్లచీర చప్పుడు కాకుండా తెచ్చి చింపించాడు. గుడ్డలు వేల ఏళ్ళ నాటివిలా కనబడాలని దేవేంద్ర వాటిని పసుపు నీళ్ళలో ముంచాడు. చీమలు కుడుతున్నాయంటే నడుముకు వేపమండలు కట్టాడు. అతని తెలివి అక్కడితో అయిపోయింది.

కెమెరా తిరిగింది. మమ్మీ చేతులు చాచి, మూలుగుతూ, ఊగుతూ లేచింది. ఊరి జనానికి ముందు బిందెతో నిలబెట్టిన లక్ష్మీనరసమ్మ పసుపు గుడ్డలు చూసింది, వేపమండలు చూసింది, ఆ ఊగడం చూసింది. బిందెడు నీళ్ళు మమ్మీ కాళ్ళ మీద కుమ్మరించి సాగిలపడింది.

"వచ్చినావా తల్లీ."

"అమ్మవారు కాదమ్మా, దెయ్యం. పరిగెత్తండి" అన్నాడు దేవేంద్ర.

"నోరు మూసుకో బాబూ. ముందు ఆ సెప్పులిప్పు."

దేవేంద్ర చెప్పులు విప్పాడు.

జనం వరస కట్టారు. ఒక్కొక్కరే మమ్మీ చెవి దగ్గర చేరారు. అమ్మవారి దగ్గర దాపరికం ఏముంటుంది? పక్కవాడి పొలం గట్టు జరిపానని రైతు తిరుమలరావు చెంపలు వేసుకున్నాడు. "మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపేస్తన్నాను తల్లీ, కొంచెమే" అన్నాడు కిరాణా కాశీవిశ్వనాథం. "మా అత్త గొలుసు ఏట్లో పడిపోనేదమ్మా. నానే దాసినాను" అంది అతని కోడలు పద్మకుమారి. నోరు కట్టేసి ఉన్న చినబాబు అందరికీ "ఊఁ" అన్నాడు. ఇన్ని కబుర్లు మోయడం అతనికి అలవాటు లేదు. కడుపు ఉబ్బిపోతోంది.

చివరికి రాజకుమారి కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. చెవిలో చెప్పబోయి ఆగింది. మమ్మీ చెంప మీద ఎర్ర నెమలి.

"అమ్మోరు నా సీర సుట్టుకున్నాదేటి?"

కొస పట్టుకుని లాగింది. మొహం బయటపడింది.

"సినబాబా?" అన్నాడు కాశీవిశ్వనాథం. హారతి పళ్ళెం చేతిలోంచి జారింది.

మమ్మీని చూసి కదలని జనం చినబాబును చూసి పరిగెత్తారు. తిరుమలరావు ఏటికి అడ్డంపడి పోయాడు. లక్ష్మీనరసమ్మ బిందె వదిలేసింది. కెమెరా తిరుగుతూనే ఉంది. అంత హడలు దేవేంద్ర నేర్పితే వచ్చేది కాదు.

ఆ సాయంత్రం చినబాబు వీధిలో నడిస్తే అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు. కాశీవిశ్వనాథం పిలిచి మరీ మిరియాలిచ్చాడు, గింజలు ఏరినవి. చినబాబు ఛాతీ విరుచుకుని ఇంటికి చేరాడు.

రాజకుమారి ఒక్కతే జడవలేదు. ఎసరు పెట్టి, చిరిగిన చీర అతని ముందు పడేసి, తలుపు గడియ వేసింది. కిటికీ మరిచింది.

"సీర సంగతి తరవాత సూస్తాను. ముందు ఎవులేటి సెప్పినారో మొదట్నించి సెప్పు."

అన్నం ఉడికేలోపు ఊరికి చినబాబును చూసి భయపడాల్సిన పని లేకుండా పోయింది.