కాఫీ ముట్టని పెద్దమనుషులు

మధ్యలో నవ్వకుండా వింటానంటే చెబుతాను. నవ్వుతారని తెలుసు, అయినా చెబుతాను.

పరాయి దేశంలో, యీషున్ అనే పేటలో మా ఫ్లాట్‌కి మూడు పడగ్గదులు. ఒకదాంట్లో మేము, ఒకదాంట్లో మా అమ్మాయి కీర్తిక, మూడోదాంట్లో మసాజ్ కుర్చీ. నల్లగా, లావుగా ఉంటుంది. కూర్చుంటే చాలు, కాళ్ళూ చేతులూ పట్టేసి మనిషిని చపాతీ పిండిలా పిసుకుతుంది. నేను దాన్ని సింహాసనం అంటాను. మా ఆవిడ సూర్యకుమారి దున్నపోతు అంటుంది.

"మా అమ్మని చూసి మూడేళ్ళయిందండీ. పిలిస్తే నెల్రోజులుండి వెళ్తుంది."

"గది ఎక్కడుంది సూర్యా?"

"దున్నపోతు పడుకున్న చోట."

ఇదీ మా ఇంట్లో పాత గొడవ. ఎప్పుడూ నేనే గెలిచేవాణ్ణి. ఇంతలో ఎదురు ఫ్లాట్‌లోకి బస్రా నుంచి ఇరాకీ దంపతులు దిగారు.

ఆయన అబూ హైదర్, ఆవిడ ఉమ్ హైదర్. అంటే హైదర్ వాళ్ళ నాన్న, హైదర్ వాళ్ళ అమ్మ. వాళ్ళ వైపు పెద్దకొడుకు పేరుతో పిలవడం మర్యాదట. అసలు పేరు చెప్పని మనుషుల్ని ఎలా నమ్మడం? నాకు అక్కడే అనుమానం పుట్టింది.

"మా ఊళ్ళోనూ బుజ్జిగాడి అమ్మా అనే కదండీ పిలుస్తాం" అంది మా ఆవిడ. వారం తిరక్కుండా వాళ్ళింటి మనిషైపోయింది.

ఒకరోజు చూద్దును కదా, వంటింట్లో గిన్నె నిండా ఎండి నల్లబడిన నిమ్మకాయలు.

"ఏటివి?"

"నూమీ బస్రా. వీటితో టీ పెడతారు. అరుగుదలకి మంచిదట."

"నల్ల నిమ్మకాయలు సూర్యా! మా ఊళ్ళో ఇవి నాలుగు దారుల కూడల్లో కనబడితే పక్కనుంచి వెళ్తాం."

"ఇక్కడ వంటింట్లో కనబడ్డాయి. పక్కనుంచి వెళ్ళండి."

మర్నాడు నా కుర్చీ గది గుమ్మానికి ఒక నీలం బిళ్ళ వేలాడుతోంది. దానికి ఏడు చిల్లులు. ఏడు కళ్ళట, దిష్టి తగలకుండానట.

"ఎవరికి దిష్టి?"

"మీ సింహాసనానికే. ఉమ్ హైదర్ గదంతా కలియజూసి, ఎంత బాగుందో అంది. తన దిష్టే తగులుతుందేమోనని తనే తెచ్చి కట్టింది."

గదంతా ఎందుకు కలియజూసినట్టు? ఏడు కళ్ళూ, మా ఆవిడవి రెండూ, మొత్తం తొమ్మిది కళ్ళు నా కుర్చీ మీద పడ్డాయి.

ఆ వారమే ఆఫీసు పనిమీద కౌలాలంపూర్ బయల్దేరాను. లిఫ్టు దాకా వెళ్ళానో లేదో, వెనకాల బళ్ళున నీళ్ళు! తిరిగి చూస్తే ఉమ్ హైదర్ ఖాళీ జగ్గుతో నవ్వుతూ నిలబడింది. శని వదిలాక గడప కడిగినట్టనిపించింది నాకు.

వెంటనే మా ఆవిడకి ఫోన్ చేశాను.

"వెళ్ళినవాళ్ళు క్షేమంగా, తొందరగా తిరిగి రావాలని వెనకాల నీళ్ళు పోస్తారటండీ. ఎంత మంచి పద్ధతో!"

పక్కనుంచి కీర్తిక గొంతు, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. "డాడ్, యూ సో పారనాయిడ్ లా!"

నాది ఒట్టి అనుమానమట! పిల్లకేం తెలుసు? నల్ల నిమ్మకాయలు, ఏడు కళ్ళు, వెనకాల నీళ్ళు. అన్నీ కలిపి చూస్తే ఒకటే అర్థం. నా కుర్చీకి మూడింది.

శనివారం సాయంత్రం కాఫీకి పిలిచారు. వెళ్ళాలి, అన్నీ గమనించాలి, ఏదీ ముట్టకూడదు అని గట్టిగా అనుకుని వెళ్ళాను. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లోకి పోయారు. అబూ హైదర్ పిడిలేని బుల్లి కప్పు అందించాడు. అడుగున ఒక్క గుక్క నల్లటి కాఫీ. పాలు లేవు, చక్కెర లేదు. మర్యాదగా తీసుకుని బల్ల మీద పెట్టేశాను.

ఆయన మొహం మారిపోయింది. టీవీ కట్టేసి నిటారుగా కూర్చున్నాడు.

"చెప్పండి. ఏం కావాలి?"

"ఏమీ వద్దండీ."

"కప్పు కింద పెట్టారు కదా! మా వైపు అతిథి కాఫీ ముట్టకుండా పెట్టాడంటే మనసులో ఏదో కోరిక ఉందని. తీరుస్తానని నేను మాటిస్తేనే మీరు తాగుతారు. తాగకుండా లేచిపోతే నాకు తలవంపులు. పెళ్ళి సంబంధాలూ, పెద్ద పెద్ద తగాదాలూ మాకు ఇలాగే తేలతాయి."

ఇంత గొప్ప ఆచారం ఉన్నవాళ్ళనా నేను అనుమానించింది! వంటింటి వైపు ఓ కన్నేసి గొంతు తగ్గించాను.

"మా ఇంట్లో మసాజ్ కుర్చీ ఉంది. అది ఉన్న చోటు నుంచి కదలకూడదు. ఆ మాట మా ఆవిడకి మీరే చెప్పాలి."

ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "కుర్చీ కదలదు. కాఫీ తాగండి."

తాగాను. చేదు విషం, కానీ అమృతంలా దిగింది.

ఆ తరవాత మా ఆవిడ గది ఊసే ఎత్తలేదు. పైగా కుర్చీకి దుమ్ము దులిపింది. దున్నపోతు అనడం మానేసి 'కుర్చీ' అంది. నాకు ఒళ్ళు జలదరించింది.

ఆదివారం పొద్దున్న పదింటికి బెల్లు మోగింది. కోటు వేసుకుని అబూ హైదర్, పక్కన ఉమ్ హైదర్, వాళ్ళ వెనక మూడో అంతస్తు అబ్దుల్ ఖాదిర్ అంకుల్. హైదరాబాద్ మనిషి, మా బ్లాక్‌లో నేను ఎదురు చెప్పలేని ఒకే ఒక్క పెద్దాయన.

మా ఆవిడ స్టీలు గ్లాసుల్లో నురగలు కక్కే ఫిల్టర్ కాఫీ తెచ్చింది. ముగ్గురూ అందుకున్నారు. ముగ్గురూ బల్ల మీద పెట్టేశారు.

"తాగండి" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఏసీలో నాకు చెమట పట్టింది.

"ఎవరి తరఫున వచ్చారు?"

"సూర్యకుమారిగారి తరఫున" అన్నాడు అబూ హైదర్. "పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని అడగడం కూడా మా పద్ధతే. వాళ్ళమ్మగారు వచ్చి నెల రోజులు ఆ గదిలో ఉండాలి."

"కుర్చీ కదలదని మాటిచ్చారు!"

"కదలదు. ఆవిడ నడుంనొప్పికి అదే మంచిదట. పక్కన మంచం పడుతుంది. నా భార్య కొలిచింది."

గదంతా ఎందుకు కలియజూసిందో అప్పుడు అర్థమైంది.

"అరే జనార్ధన్, కాఫీ చల్లారిపోతుంది బేటా" అన్నాడు అంకుల్. "జల్దీ ఒప్పుకో. వాసనకే పాణం పోతుంది నాకు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో తన గ్లాసు ముట్టకుండా పట్టుకుని నిలబడింది. గెలిచినట్టు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మూడేళ్ళయిందండీ" అంది.

"తాగండి" అన్నాను. "రమ్మందాం."

నాలుగు గ్లాసులూ ఒక్కసారి పైకి లేచాయి.

మా అత్తగారు అప్పలమ్మగారు వచ్చారు. నెల రోజులూ కుర్చీ అంగుళం కదల్లేదు. కుర్చీలోంచి ఆవిడా కదల్లేదు. ఒక చేతిలో రిమోట్, ఇంకో చేతిలో ఉమ్ హైదర్ పంపిన నల్ల నిమ్మకాయ టీ.

"అల్లుడుగారూ, బలే పిసుకుతందండి! ఎపుడేనా మీరూ కూకోండి బాబూ" అనేవారు. ఆ 'ఎపుడేనా' ఎప్పుడూ రాలేదు.

ఆవిడ తిరుగు ప్రయాణం రోజు పెట్టెలు నేనే మోశాను, ఈల వేసుకుంటూ. లిఫ్టు వచ్చింది. ఆవిడ ఎక్కబోతుండగా ఉమ్ హైదర్ నిండు జగ్గుతో పరుగెత్తుకొచ్చింది.

తొందరగా తిరిగి రావాలని పోసే నీళ్ళు! నేను అడ్డం వెళ్ళాను. "వద్దండీ, కారిడార్ తడుస్తుంది, ఎవరైనా జారి పడతారు..."

"ఇంటి పెద్ద మీరు. మీరే పోయాలి" అని జగ్గు నా చేతిలో పెట్టింది.

అటూ ఇటూ చూసి నాలుగు చుక్కలు వంపాను.

"మొత్తం పొయ్యండి" అంది మా ఆవిడ.

పోశాను. జగ్గు బోర్లించి, దులిపి మరీ చూపించాను.