వీల్‌చైర్ ఎవరికి?

ప్రపంచ పటంలో ఏ ఊరు ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలుపెట్టి చూపించగల భూగోళం మాస్టారు, తన ఊరు దాటి బెత్తెడు దూరం జరిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి ఆ రోజు పొద్దున్నే ఒకటి కాదు, రెండు విమానాలు ఎక్కాల్సిన పని పడింది. మరదలి పెళ్లి పరాయి దేశంలో, రిజిస్ట్రారు ఆఫీసులో, మర్నాడే. భార్య ముందే వెళ్లి అక్కడ ఏర్పాట్లు చూస్తోంది. పెళ్లికూతురి తల్లిని, అంటే తన అత్తగారిని, వేళకి భద్రంగా చేర్చడం మాస్టారి వంతుకి వచ్చింది.

ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరేం అడిగినా తల ఊపాలి, పాస్‌పోర్టు అడిగితే ఇవ్వాలి, తిరిగిస్తే తీసుకోవాలి, ఎవరి కంట్లోనూ నలుసవకూడదు. ఇంత చిన్న పథకానికే వారం రోజులుగా ఆయనకి తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. పాస్‌పోర్టు చూసే ఆఫీసరు కలలోకి వచ్చి, ఈ ఫొటోలో ఉన్నది నువ్వు కాదు అంటున్నాడు.

నిజానికి ఆయన భయాల్లో ఆఫీసరుది రెండో స్థానమే. మొదటి స్థానం అత్తగారిది. ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఆవిడ గొంతు సవరించుకుంటే వీధిలో పోయేవాళ్లు తెలియకుండానే కాళ్లు కలిపి నడుస్తారని చెప్పుకుంటారు.

బయల్దేరే ముందు భార్య ఫోన్ చేసింది. "అమ్మకి వీల్‌చైర్ పెట్టించాను. నలుగురిలో దాని ఊసెత్తకండి, చిన్నతనంగా ఉంటుంది ఆవిడకి" అంది. మాస్టారికి అర్థమైంది వేరు. ఈ సంగతి అత్తగారికి తెలియదు, తెలిసిన మరుక్షణం తన పని అయిపోయినట్టే. ఎయిర్‌పోర్టు చేరేదాకా టాక్సీలో ఆయన పెదవి విప్పలేదు.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, "వీల్‌చైర్ ఎవరికండీ?" అని అడిగింది. అత్తగారు చటుక్కున తలెత్తి నోరు తెరిచారు. ఆ నోట్లోంచి ఏం ఊడిపడబోతోందో ఊహించుకునేసరికి మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నాకే" అన్నారాయన.

అత్తగారు తెరిచిన నోరు మూశారు. అల్లుడిని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు. తిట్టి ఉంటే మాస్టారు కాస్త కుదుటపడేవారేమో.

కుర్చీ తోసే మనిషి వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, పక్కదారిలో నేరుగా పాస్‌పోర్టు ఆఫీసరు ముందుకి తీసుకెళ్లాడు. ఈయనకి ఏమైందని ఆఫీసరు అడిగితే, నడవలేరండి అని ఆ మనిషే చెప్పాడు. ఆఫీసరు ఫొటోని, మొహాన్ని మార్చి మార్చి చూసి ముద్ర వేశాడు. ఆ చప్పుడుతోనే మాస్టారికి కళ్లు తెరుచుకున్నాయి. ప్రభుత్వ అధికారి ఎదుట తాను నడవలేనని ఒప్పుకున్నట్టయింది. ఇప్పుడు లేచి నడిస్తే నేరం. తలెత్తి చూస్తే స్తంభానికొక కెమెరా.

అత్తగారు చేతి సంచులు రెండూ భుజాన వేసుకుని కుర్చీ పక్కనే నడిచారు. మంచినీళ్లు తాగుతారా బాబూ అని ఒకసారి, చలిగా ఉందా బాబూ అని ఇంకోసారి అడిగారు. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ అంత మెత్తగా మాట్లాడగా మాస్టారు విని ఎరగరు. ఉరితీసే ముందు ఆఖరి కోరిక అడుగుతున్నట్టు అనిపించింది.

విమానంలో ఆయన చాలాసేపు కదల్లేదు. చివరికి బాత్రూమ్‌కి వెళ్లక తప్పింది కాదు. ఎవరైనా చూస్తారని కుంటుతూ వెళ్లారు. ఏ కాలితో కుంటాలో ముందుగా అనుకోకపోవడం వల్ల వెళ్లేటప్పుడు ఎడమ కాలితో, వచ్చేటప్పుడు కుడి కాలితో కుంటుతూ నడిచారు. ఎయిర్‌హోస్టెస్ అది గమనించింది. జబ్బు ఒక కాలి నుంచి రెండో కాలికి పాకుతోందని కంగారుపడి, విమానం దిగకముందే కింద డాక్టరుకి కబురు పెట్టింది.

విమానం మారాల్సిన చోట కుర్చీ గేటు వైపు కాక డాక్టరు గది వైపు తిరిగింది. డాక్టరు నెరిసిన జుట్టావిడ, అక్కడ స్థిరపడ్డ తెలుగు మనిషే. మాస్టారి చెయ్యి పట్టుకుని నాడి చూశారు. మొహం చిట్లించి మళ్లీ చూశారు. నాడి రైలు తప్పిపోతున్నవాడిలా పరుగెడుతోంది. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడిగారు.

అత్తగారు చెప్పారు. "వారం నుంచి ఇంట్లో చూస్తున్నాను, తిండి లేదు, నిద్ర లేదు డాక్టరుగారూ. జబ్బు మాకెవరికీ చెప్పకుండా దాచుకున్నారు."

డాక్టరు ఇంక ఆలోచించలేదు. ఈ మనిషి తర్వాతి విమానం ఎక్కడానికి వీల్లేదన్నారు. రేపటి దాకా ఇక్కడే ఉండాలన్నారు. ఆయన పెట్టె విమానంలోంచి దింపేయమని ఫోన్ కూడా చేశారు. మాస్టారి కళ్ల ముందు రిజిస్ట్రారు ఆఫీసు, పెళ్లికూతురు, తల్లి కోసం వేసి ఉంచిన ఖాళీ కుర్చీ కనిపించాయి. ఇంక దాచి లాభం లేదనుకుని, బెల్టు విప్పేశారు.

"నాకేం జబ్బు లేదండీ. శుభ్రంగా నడవగలను, చూడండి" అంటూ లేచారు.

పొద్దున్నుంచి ఆ ఒక్కసారి తప్ప కదలక మెదలక కూర్చున్న కాళ్లు రెండూ తిమ్మిరెక్కి మొద్దుబారి ఉన్నాయి. మాస్టారు ఒక్క అడుగు కూడా వేయకుండానే దూది సీసాలున్న ట్రేని వెంటేసుకుని నేలకరిచారు. విమానం తప్పిపోతుందంటే ప్రతివాళ్లూ ఇలాగే అంటారని డాక్టరు జాలిగా చెప్పారు.

నేల మీదే కూర్చుని మాస్టారు అత్తగారి వైపు తిరిగారు. "అత్తయ్యగారూ, ఆ కుర్చీ మీకోసం పెట్టించింది. మీకు తెలిస్తే కోప్పడతారని నాకే అన్నాను."

అత్తగారు బల్ల అంచు పట్టుకుని, పళ్లు బిగించి, నెమ్మదిగా స్టూలు మీద కూలబడ్డారు.

"పెట్టించమని అమ్మాయిని అడిగింది నేనే బాబూ. మోకాలు అరిగిపోయింది. కుర్చీ నాకేనని చెప్పబోయేలోపు మీరు 'నాకే' అన్నారు. పెళ్లాం దగ్గర కూడా ఏ జబ్బు దాచుకున్నారో, పాపం, నలుగురిలో అడగడమెందుకని ఊరుకున్నాను."

ఆవిడ మోకాలు బంతిలా వాచి ఉంది. ఆ కాలితోనే ఇంత దూరం, అల్లుడి సంచి కూడా మోస్తూ, అల్లుడి కుర్చీ పక్కన నడిచారు. మాస్టారు నేల మీద నుంచే చెయ్యి చాచి ఆవిడ భుజాన ఉన్న సంచులు రెండూ దింపుకున్నారు.

ఇంతలో మైకులో వాళ్ల విమానానికి ఆఖరి పిలుపు వినిపించింది. కింద పడ్డ రోగిని పంపే ప్రశ్నే లేదని డాక్టరు భీష్మించుకున్నారు. అప్పుడు అత్తగారు గొంతు సవరించుకున్నారు.

"లే" అన్నారు. ఇన్నేళ్ల అల్లుడి మర్యాద ఒక్క అక్షరంలో ఎగిరిపోయింది. మాస్టారు లేచారు. "నిటారుగా నిలబడు. ఎడమ. కుడి. మోకాలు పైకి. ఇంకా పైకి." తిమ్మిరి ఎటు పోయిందో తెలియదు. మాస్టారు గది ఈ మూల నుంచి ఆ మూలకి కవాతు చేశారు, గెంతారు, బస్కీలు తీశారు. అక్కడ కుర్చీ తోసే మనిషి గోడకి ఆనుకుని ఉన్నవాడల్లా సర్దుకుని నిలబడ్డాడు. డాక్టరు కూడా మెడలో స్టెతస్కోపు సరిచేసుకుని, ఇక చాలన్నారు.

"నాడి ఇంకా పరుగెడుతూనే ఉంది" అన్నారు, పంపొచ్చని కాగితం మీద సంతకం పెడుతూ. అత్తగారి వైపు ఒకసారి చూసి, "ఎందుకో తెలిసింది కనక పరవాలేదు" అన్నారు.

మాస్టారు అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి గేటు దాకా తోసుకుంటూ పరుగెత్తారు. దారిలో ఎన్ని కెమెరాలు చూశాయో ఆయన లెక్క చేయలేదు. గేటు దగ్గర పాస్‌పోర్టులు చూసే అధికారి వీల్‌చైర్ కాగితం తిరగేసి, మీ ఇద్దరిలో నడవలేనిది ఎవరని అడిగాడు. మాస్టారు నోరు తెరిచేలోపే అత్తగారు "నేనే" అన్నారు. కాగితంలో ఉన్నది మగమనిషి పేరు. అధికారి ఆ పేరుని, ఒగరుస్తున్న మాస్టారిని, కుర్చీలో ఉన్న ఆవిడని చూశాడు. ఆవిడ కూడా అతన్ని చూశారు. అతను పక్కకి జరిగి దారిచ్చాడు.

మర్నాడు పెళ్లి వేళకే జరిగింది. పెళ్లికొడుకు ప్యాంటు అరువు తెచ్చుకుని, అంచులు లోపలికి మడిచి, మాస్టారు సాక్షి సంతకం చేశారు. ఆయన పెట్టె అందరూ తిరుగు ప్రయాణానికి సర్దుకుంటుండగా వచ్చింది.

విమాన ప్రయాణానికి తగిన ఆరోగ్యం లేదని డాక్టరు మాటగా దాని మీద చీటీ అంటించి ఉంది.