బరువు మీదే బిగించాలి

ఆదివారం పొద్దున ఆరింటికి గిరిప్రసాద్ వేసుకున్న పథకం చాలా సాదాది. ఎనిమిదిన్నరకల్లా కారు వెనక షాకబ్జార్బర్లు రెండూ తనే మార్చేయాలి. స్నానం చేసి నాలుగు ఇడ్లీలు తిని, పదకొండింటికల్లా అత్తగారిని సైనిక్‌పురిలో దింపాలి. అక్కడ ఆవిడ చిన్నకొడుకు కొత్త ఫ్లాటులో పాలు పొంగించి, మధ్యాహ్నం భోజనాలు పెడుతున్నాడు.

అత్తగారు మంగతాయారుకు నడుంనొప్పి. నెల కిందట ఉప్పల్ చౌరస్తా దాటాక ఈ కారు ఒక గుంతలో పడి లేచినప్పటినుంచీ ఆవిడ దీన్ని ఎక్కడం మానేసింది. "నా వెన్నుపూసలు ఎన్నున్నాయో డాక్టరు కంటే ముందు మీ కారే లెక్కపెట్టింది అల్లుడుగారూ" అని నలుగురిలోనూ అన్నది. ఇవాళ కూడా ఆవిడ ఎక్కకపోతే బావమరిది క్యాబు పంపిస్తాడు. ప్రభుత్వ పరిశోధనశాలలో ఇరవై ఏళ్లుగా కొలత పరికరాలు సరిచూసే ఇంజనీరుకు అంతకన్నా తలవంపు ఏముంటుంది?

నాచారంలో వాళ్లు అద్దెకున్న ఇంటి ముందు పని మొదలుపెట్టాడు. ఈ పని కోసమే ఒక టార్క్ రెంచి కొన్నాడు. బోల్టు ఎంత బిగియాలో అంత బిగియగానే ఆ పానా "టిక్" అంటుంది. మనుషుల్లో ఎంతమందికి తెలుసు, ఇక చాలు అనడం? ఒక ఇనుప కడ్డీకి తెలిసింది. గిరిప్రసాద్ బిగిసిన బోల్టును విప్పి, ఆ టిక్ వినడానికే మళ్లీ బిగించాడు.

ఎనిమిదికి పని అయిపోయింది. ముందు పెట్టుకున్న రిపేరు పుస్తకం మూయబోతూ చివరి పేజీలో రెండు వాక్యాలు చూశాడు. కింది బోల్టులు బండి జాకీ మీద వేలాడుతుండగా బిగించకూడదు. మామూలు బరువుతో చక్రాల మీద నిలబడ్డాకే బిగించాలి.

అతను ఆ వాక్యాలను మూడుసార్లు చదివాడు. బోల్టు చుట్టూ రబ్బరు బుష్ ఉంటుంది. బిగించేటప్పుడు ఏ తీరులో ఉంటే, అదే తన అసలు తీరు అనుకుని పట్టుకుంటుంది. ఆ తర్వాత జన్మంతా మెలిపడుతూ, కీచుమంటూ, చివరకు చిరుగుతుంది. అరచేతిలో పట్టే రబ్బరు ముక్కకు అంత జ్ఞాపకం ఉందని తెలిసి గిరిప్రసాద్ ఒళ్లు జలదరించింది.

బోల్టులు వదులు చేశాడు. నాలుగు చక్రాల కిందా మందపాటి దిమ్మెలు పెట్టి, కదలకుండా ఇటుకలు అడ్డం వేసి, కారు కిందికి దూరాడు. అప్పుడే ఒక అనుమానం వచ్చింది. డ్రైవరు లేని బరువు మామూలు బరువెలా అవుతుంది?

"ఉమా, వచ్చి కార్లో కూర్చో."

"ఎక్కడికండీ?" అంది ఉమ.

"ఎక్కడికీ కాదు. ఊరికే కూర్చో. దిగకు."

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఇంతకంటే అర్థంలేని మాటలు చాలా విన్న ఉమ వెళ్లి డ్రైవరు సీట్లో కూర్చుంది. కూతురు కారెక్కడం కిటికీలోంచి చూసిన మంగతాయారు, తనను వదిలేసి వెళ్తున్నారనుకుని, బొబ్బట్ల డబ్బాతో సహా వచ్చి పక్క సీట్లో కూర్చుంది. కింద గిరిప్రసాద్ కళ్లముందు స్ప్రింగు అర అంగుళం దిగింది. అత్తగారు కారెక్కింది.

మేడమీద ఉండే ఇంటి ఓనరు కనకరాజు గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏడికమ్మా, పొద్దుగాల్నే బయలెల్లిన్రు?"

"సైనిక్‌పురికండీ" అంది మంగతాయారు.

"మేము గూడ నాగారం బిడ్డ కాడికి వోవాలె. ఆడిదాంక మమ్ముల గూడ రానీయున్రి, బస్సు దొర్కుతది. ఓ మల్లవ్వా, రా జల్ది."

ఆయన భార్య మల్లవ్వ వచ్చింది. ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. వాళ్లతోపాటే బిడ్డకని కట్టిన బియ్యం బస్తా వచ్చి డిక్కీలో పడింది. స్ప్రింగు ఇంకో అంగుళం కుంగింది. దిగమని చెప్పబోయి గిరిప్రసాద్ ఆగాడు. ఇవాళ ప్రయాణం చేసేది ఇంచుమించు ఇంతమందే కదా, మరి ఇదే కదా మామూలు బరువు? తర్కం ఎంతో ముచ్చటగా కుదిరింది.

పావుగంట గడిచింది. నలుగురూ సంచులు ఒళ్లో పెట్టుకుని కదలని కారులో కూర్చున్నారు. "సారేడి?" అని మల్లవ్వ అడిగితే "కింద ఉన్నారు" అంది ఉమ. "అవునా" అని మల్లవ్వ ఊరుకుంది.

అప్పుడే రాత్రి షిఫ్టు దిగి నలుగురు తోటివాళ్లతో వస్తున్నాడు పక్కింటి నరేందర్. అతనికి కనిపించింది ఇది: కుంగిపోయిన కారు, దాని కింద రెండు కాళ్లు, లోపల మాటాపలుకూ లేకుండా నలుగురు మనుషులు.

"సారు మీద కారు వడ్డదిరా" అని అరిచి పరుగెత్తుకొచ్చాడు. అయిదుగురూ వెనక బంపరు పట్టుకున్నారు.

టార్క్ రెంచి బోల్టు మీద పెట్టిన గిరిప్రసాద్‌కు పైనున్న లోకం లేవడం మొదలుపెట్టింది. స్ప్రింగులు సాగాయి, చక్రాలు దిమ్మెలను వదిలాయి, ఎండ లోపలికి వచ్చింది. నలుగురు మనుషులు, బియ్యం బస్తా, బొబ్బట్లు, అన్నీ కలిపి గాల్లోకి. ఏ జాకీ అంత మెత్తగా ఎత్తలేదు. రాత్రంతా యంత్రాల ముందు నిలబడ్డ చేతులవి. తనకోసమే ఎత్తుతున్నారని అతనికి తెలిసింది. నోట వచ్చిన మాట మాత్రం ఒక్కటే.

"బరువు... బరువు..."

"బరువైతుందట, ఇంక జర లేపున్రి" అన్నాడు నరేందర్.

ఉమ తల బయటపెట్టి, "ఆయనకేం కాలేదన్నా. బోల్టు బిగిస్తున్నారు. దించండి" అంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, గుడ్లబుట్టను దించినట్టు కారును దిమ్మెల మీదికి దించారు.

"బరువు మీదే బిగించాలి. ఎవరూ కదలకండి" అంది కారు కింది గొంతు.

ఎవరూ కదల్లేదు. టిక్. కాసేపటికి అవతలి పక్కనుంచి మరో టిక్. కనకరాజు చేతులు జోడించాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

సైనిక్‌పురి దాకా కారు పడవలా సాగింది. మౌలాలి దగ్గర గుంతలు వచ్చాయో లేదో తెలియలేదు. మంగతాయారు నిద్రపోయింది. భోజనాల దగ్గర, "మా అల్లుడుగారి చేతిలో ఏదో ఉందమ్మా" అని చుట్టాలందరికీ చెప్పింది. ఇద్దరు షడ్డకులు తమ కార్లు కూడా చూడమన్నారు. గిరిప్రసాద్ ఆ మర్యాదకు తలొంచుకుని ఇంకో బొబ్బట్టు వేయించుకున్నాడు.

సాయంత్రం అత్తగారు కొడుకింట్లోనే ఆగిపోయింది. కనకరాజు దంపతులు పొద్దున్నే బస్తాతో నాగారం బస్సెక్కేశారు. భార్యాభర్తలిద్దరే తిరిగి బయలుదేరారు. మొదటి స్పీడ్ బ్రేకరు మీద కారు పాత తలుపులా కీచుమంది. రెండోదాని మీద ఉమ తల పైకప్పుకు తగిలింది.

గిరిప్రసాద్ కారు పక్కకు ఆపి, వంగి కిందికి చూసి, వచ్చి కూర్చున్నాడు.

"రబ్బరు తప్పేం లేదు ఉమా. నలుగురూ బియ్యం బస్తా ఉన్నప్పుడు బిగించాను. అదే మామూలనుకుంటోంది. మనిద్దరం దానికి సరిపోవడం లేదు."

"అయితే?"

"వచ్చే ఆదివారం మళ్లీ వదులు చేస్తాను. నువ్వొక్కదానివే అలా వచ్చి కూర్చుంటే..."

ఉమ తలుపు తీసుకుని దిగి, చెయ్యెత్తి ఆటో ఆపింది.

ఒక్క మనిషే ఎక్కినా ఆ ఆటో కీచుమనలేదు.