మరక దగ్గర దారి తప్పిన ఈస్టర్ పాట

పాఠకులారా, తప్పు క్లెఫ్ అంత మేలు చేసే వస్తువు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. నవ్వకండి! అట్లాంటా దగ్గర ఒక యూనివర్సిటీలో ఒకే ఒక్క తప్పు క్లెఫ్ వల్ల ఒక సిద్ధాంతం పుట్టింది, ఒక కచేరీ జరిగింది, ఒక ప్రొఫెసర్‌గారి పేరు మారుమోగింది. సరైన క్లెఫ్ వల్ల ఇన్నాళ్లలో ఎవరికైనా కప్పు టీ అయినా దొరికిందా?

క్లెఫ్ అంటే పెద్ద బ్రహ్మపదార్థం కాదు. వందల ఏళ్ల కిందట యూరప్ మఠాల్లో సన్యాసులు ప్రార్థన గీతాలను నాలుగు గీతలు గీసి రాసుకునేవారు. ఏ గీత మీద ఏ స్వరమో మొదట్లో ఒక గుర్తు చెబుతుంది. అదే క్లెఫ్. పాట పైకి పోయి గీతలు చాలకపోతే మధ్యలోనే ఆ గుర్తును ఒక గీత కిందికి దించేవారు. చదివేవాళ్లకు కళ్లుంటాయని పాపం వాళ్ల నమ్మకం.

ఆ ప్రతులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రాజెక్టులో చంద్రిక రీసెర్చ్ అసిస్టెంట్. ఖమ్మం నుంచి మాస్టర్స్‌కి వచ్చింది. స్వరాలు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, ఆమె సరిచూడాలి. ఈ అసిస్టెంట్‌షిప్ ఉంటేనే చదువు, చదువుంటేనే వీసా.

పన్నెండో పేజీలో ఈస్టర్ పాట ఉంది. దేవుడు తిరిగి లేచాడని పాడే సంబరం పాట. కంప్యూటర్ దాన్ని రెండు వరుసలు హాయిగా వినిపించి, మూడో వరుసలో ఏడుపు అందుకుంది. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్న చెవి కదా, చంద్రిక ఉలిక్కిపడింది. శంకరాభరణం వాయిస్తూ ఉన్నట్టుండి నటభైరవిలోకి జారినట్టుంది. పాత ప్రతి ఫొటో పెద్దది చేసి చూస్తే, మూడో వరుసలో క్లెఫ్ ఒక గీత దిగి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని మరక అనుకుని వదిలేసింది. అక్కడి నుంచి ప్రతి స్వరమూ రెండు మెట్లు కిందపడింది.

ఇలాంటివి నలభై పేజీలు దొరికాయి. అన్నీ దిద్దింది. మర్నాడు అందరి పని లెక్కలూ చూపే డాష్‌బోర్డులో ఆమె పేరు ఎర్రబడింది.

ప్రాజెక్ట్ మేనేజర్ రాధాకృష్ణ గారు పిలిచారు. అట్లాంటా శివార్లలోని కమ్మింగ్‌లో ఉంటారు, ఇరవై ఏళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసి ఇటొచ్చారు. మంచి మనిషి.

“ఏంటమ్మా చంద్రికా, నీ ఆక్యురసీ సడన్‌గా పడిపోయింది?”

“నేను కరెక్ట్ చేసిన సార్. సాఫ్ట్‌వేరే క్లెఫ్ మిస్ అయింది.”

“ఆక్యురసీ అంటే సాఫ్ట్‌వేర్‌తో ఎంత మ్యాచ్ అయ్యావనే కదా. నువ్వు దిద్దితే మిస్‌మ్యాచ్ చూపిస్తుంది.”

“మరి దానిదే తప్పైతే ఎట్ల సార్?”

“దాన్నెవరు కొలుస్తారమ్మా, కొలిచేదే అది. అసిస్టెంట్‌షిప్ రెన్యువల్ టైమ్‌లో ఎందుకీ రిస్క్? రీసెట్ చేసేయ్, సాఫ్ట్‌వేర్ చదివిందే ఉండనీ. మేడమ్ పేపర్ కూడా యాక్సెప్ట్ అయిపోయింది.”

మేడమ్ అంటే ప్రాజెక్టుకి పెద్ద అయిన ప్రొఫెసర్‌గారు. ఆ ప్రతులు రాసిన మఠంలో ఈస్టర్‌నాడు కూడా శోకంగానే పాడేవారనీ, దాని వెనుక లోతైన తాత్వికత ఉందనీ ముప్పై పేజీలు రాశారు. క్లెఫ్ సరిగ్గా చదివి ఉంటే ఆ తాత్వికత ఎక్కడిది?

చంద్రిక రీసెట్ నొక్కింది. పేరు పచ్చబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏప్రిల్‌లో ఆ దగ్గర్లోనే అల్ఫారెట్టాలో ఒక చర్చిలో ‘శోక ఈస్టర్’ కచేరీ పెట్టారు. రికార్డింగ్ చంద్రికదే. ముందు వరుసలో ఒక ముసలి సన్యాసిని కూర్చున్నారు. అరవై ఏళ్లుగా తమ మఠంలో ఆ పాట పాడుతున్న మనిషి. పాట మూడో వరుసకి రాగానే కోరస్ కిందికి దిగింది. ఆవిడ దిగలేదు. కళ్లు మూసుకుని, సన్నటి గొంతుతో సంబరంగా పైకి పాడుకుంటూ పోయారు.

“పాపం, పెద్దావిడ శ్రుతి తప్పుతున్నారు. ఎడిటింగ్‌లో ఆ గొంతు తీసేయమ్మా” అన్నారు రాధాకృష్ణ గారు.

తీసేసింది. ఆ సెమిస్టర్ ఆమె ఆక్యురసీ నూటికి నూరు, రెన్యువల్ కూడా వచ్చింది. చూశారా, తప్పు క్లెఫ్ ఆఖరికి ఆమెను కూడా చల్లగా చూసింది!

తీసేసిన గొంతును మాత్రం విడిగా దాచుకుంది. ఒక ఆదివారం పాత ప్రతి ఫొటో పక్కన పెట్టుకుని స్వరం స్వరం పోల్చి చూసింది. సాఫ్ట్‌వేర్ మరక అనుకున్న చోటుతో సహా ఎక్కడా తేడా లేదు. ఆ ఫైలును ప్రాజెక్టులోకి ఎక్కించబోతే, ఏ రకమో చెప్పమంది కంప్యూటర్. ఇచ్చినవి రెండే: సాఫ్ట్‌వేర్‌తో కలిసేది, తప్పు.

రెన్యువల్ కాగితం చేతికొచ్చాక గానీ ఆ ధైర్యం రాలేదు, నిజమే. చంద్రిక ‘తప్పు’ నొక్కి ఎక్కించింది. పేరు మళ్లీ ఎర్రబడింది. ఈసారి రీసెట్ చేయలేదు.

కాబట్టి పాఠకులారా, ఆ పాట సరిగ్గా వినాలని ఉంటే తప్పుల ఫోల్డరులో వెతకండి. మిగతా చోట్ల అంతా పచ్చగానే ఉంది.