మేడ మీద కారిన డీజిలు

2012 ఎండాకాలం. చిక్కడపల్లిలోని ఒక రైతు శిక్షణ సంస్థలో పనిచేసే జగన్మోహన్ ఆ పొద్దున ఆరింటికే ఆఫీసు మేడ ఎక్కాడు. పదకొండింటికి మెదక్ నుంచి ఇరవై మంది రైతులు వస్తారు. పొలాల్లో దాచుకునే డీజిలు ఒలికిపోకుండా పాటించాల్సిన నియమాలు వాళ్లకు చెప్పాలి. కిందటిసారి వచ్చినవాళ్లు ఉపన్యాసం సగంలోనే నిద్రపోయారు. ఈసారీ అంతే అయితే ఇంకో ఉద్యోగం వెతుక్కోమని డైరెక్టరు వీరరాఘవరావు మెత్తగానే చెప్పాడు.

అందుకని ఈసారి కళ్లకు కట్టినట్టు చూపిద్దామనుకున్నాడు. రెండు వందల లీటర్ల పీపాను దిమ్మె మీద పెట్టించి, చుట్టూ సిమెంటు గట్టు ముందే కట్టించి ఉంచాడు. పీపా పగిలినా సరే, చుక్క బయటికి పోకుండా గట్టు ఆపాలన్నది మొదటి నియమం. డీజిలుకు బదులు పసుపు కలిపిన నీళ్లు నింపాడు. పదిన్నరకు, ఎందుకైనా మంచిదని, ఒకసారి పీపా కుళాయి తిప్పి చూశాడు.

గట్టులో నీళ్లు నిలవలేదు. వాననీరు పోవడానికి అడుగున వదిలిన తూముకు బిరడా లేదు. కంగారుగా కుళాయి కట్టబోతే పిడి ఊడి చేతికొచ్చింది. పసుపు నీళ్లు తూము గొట్టంలోంచి బుడబుడమంటూ వీధిలోకి దిగాయి.

కింద ఎవరో డీజిలన్నారు. టిఫిన్ల బండివాడు పొయ్యి ఆర్పేసి దూరంగా జరిగాడు. పక్క హాస్టల్లో గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు పుస్తకాలు పట్టుకుని అశోక్‌నగర్ వైపు పరుగెత్తారు. నారాయణగూడ నుంచి వచ్చే బస్సులు ఆగిపోయాయి. ఫైరింజనుకు ఫోను వెళ్లింది. అవి పసుపు నీళ్లని జగన్మోహన్ పిట్టగోడ మీంచి ఎంత మొత్తుకున్నా ఒక్కరూ తలెత్తలేదు. దిగివస్తుంటే ఇంటి యజమానురాలు కమలవ్వ మెట్ల మీద అడ్డుపడింది.

"మంట అంటుకుంటే నా ఇల్లు నువ్వు కట్టిస్తవా?"

"తూముకి బిరడా ఉండాలి కదా అవ్వా, చూశారా?"

"గా బిరడా నా తొట్టికి పెట్టిన. ఊకెనే పడున్నదనుకున్న."

అతను వీధిలోకి వచ్చేసరికి ఫైరింజనూ, రైతులూ, వాళ్లతో పాటు వీరరాఘవరావూ ఒకేసారి చేరుకున్నారు. ఫైరు ఆఫీసరు వంగి వాసన చూశాడు.

"డీజిలే," అన్నాడు.

జగన్మోహన్ తన పసుపు వేళ్లు చూసుకున్నాడు. తన చేత్తో తను పసుపే కలిపాడు. ఆఫీసరు మాత్రం ఆ వాసన వెంటే నడిచి హాస్టల్ మెట్ల కిందికి వెళ్లాడు. అక్కడ జనరేటరుకని దాచిన డీజిలు పీపా అడుగున చిల్లి పడి కారుతోంది. రెండడుగుల దూరంలో వంటపొయ్యి మండుతోంది. చదువుకునేవాళ్లు పారిపోతూ దాన్ని ఆర్పడం మరిచిపోయారు. కరెంటు పోయినప్పుడల్లా వచ్చే వాసనే కదాని వారం రోజులుగా ఎవరూ పట్టించుకోలేదట.

పొయ్యి ఆర్పించి, ఇసుక పోయించాక, దీన్ని కనిపెట్టిందెవరని ఆఫీసరు అడిగాడు.

"మా సంస్థేనండి," అన్నాడు వీరరాఘవరావు, జగన్మోహన్ భుజం మీద చెయ్యి వేసి.

రైతుల్లో ఒక్కరికీ నిద్ర రాలేదు. వాళ్లలో పెద్దవాడు ముత్యాలు పక్కకు వెళ్లి ఇంటికి ఫోను కలిపాడు. కొట్టంలో పొయ్యి దగ్గరున్న డీజిలు డబ్బాను ఇప్పుడే దూరం జరపమని భార్యకు చెప్పాడు.

"పోయినేడాదే జరిపిన. నువ్వు చూస్కోలే," అందామె.

ముత్యాలు ఫోను జేబులో పెట్టుకుని, ఇప్పుడే జరిపించానని అందరికీ చెప్పాడు.