కెప్టెన్ గారి మీదుగా మరుగుదొడ్డికి

టక్‌వెల్ పట్టణ చరిత్ర సంఘం వారు యావన్మందికీ తెలియజేయునది ఏమనగా: పట్టణంలోని ఏకైక సార్వజనిక మరుగుదొడ్డికి పోదలచినవారు ఇకమీదట చరిత్ర ప్రదర్శనశాల గుండా మాత్రమే పోవలెను. పక్కసందు తలుపుకు తాళం వేయడమైనది. అత్యవసరమన్న సాకు చెల్లదు. చరిత్ర కూడా అత్యవసరమే.

ఈ ప్రకటన రాసింది సంఘం అధ్యక్షురాలు లోర్నా టక్‌వెల్. రాయడానికి ముందు ఆమె ఒక పూటంతా ఏడ్చింది. కారణం లేకపోలేదు. ప్రదర్శనశాల నడుస్తున్న పాత ఉన్నికొట్టం పురపాలకులది. ఎండాకాలం ముగిసేలోగా సందర్శకులు పెరగకపోతే కొట్టాన్ని బీరు కాచేవాడికి ఇచ్చేస్తామని వాళ్ళు కబురు పెట్టారు. అదే జరిగితే అందులో దాచిన కెప్టెన్ ఆంబ్రోస్ టక్‌వెల్ గారి ఎడమకాలి బూటు రోడ్డున పడుతుంది. కెప్టెన్ గారు లోర్నాకు తాతకు తాత. వాగు మలుపు దగ్గర ఈ చోటును కనిపెట్టి, ఊరు కట్టి, దానికి తన పేరే పెట్టుకునేంత నిరాడంబరుడు.

సందర్శకులు లేరా అంటే ఉన్నారు. నగరం నుంచి ఒక్కరోజు యాత్రల బస్సులు వస్తూనే ఉన్నాయి. ఒక్కో బస్సు నిండా పింఛను పుచ్చుకునే ఆడవాళ్ళు, వాళ్ళ వెనక తప్పక వచ్చిన మొగుళ్ళు. లోర్నా పెళ్ళివారికి ఎదురెళ్ళినట్టు గుమ్మంలో నవ్వుతూ నిలబడేది. వాళ్ళు ఆ నవ్వు పక్కనుంచి సందులోకి పోయి, ప్రశాంతమైన మొహాలతో తిరిగొచ్చి, బేకరీలో తలా ఒక లామింగ్టన్ కేకు కొనుక్కుని బస్సెక్కేసేవాళ్ళు. ఎందుకిలా అని ఒకనాడు ఆమె బస్సు నడిపే డాజాని అడిగింది. డాజా అబద్ధం చెప్పేంత చదువుకోలేదు.

"నీ కెప్టెన్ కోసం ఎవరూ రావట్లేదు లోర్నా. పొద్దున బయల్దేరిన కాణ్ణించీ బస్సులో టీలు తాగుతూనే ఉంటారు. ఇక్కడికొచ్చేసరికి నిండిపోద్ది. మీ ఊరు సరిగ్గా అంత దూరంలో ఉంది. అదే మీ గొప్ప."

లోర్నా ఏడ్చింది అందుకే. కళ్ళు తుడుచుకుంటుండగా తట్టింది, మరుగుదొడ్డి గోడా ఉన్నికొట్టం వెనక గోడా ఆనుకునే ఉన్నాయని. వారం తిరక్కుండా గోడకు కన్నం పెట్టి గుమ్మం ఎత్తించింది.

ఆ నెలలో ఊరి జనాభాను మించి సందర్శకులు వచ్చారు. జిల్లా పర్యాటకాధికారి స్వయంగా విచ్చేసి, ప్రజల్లో వారసత్వ స్పృహ ఇంత ఉధృతంగా పొంగడం తన ఉద్యోగంలో చూడలేదని రాసిపోయాడు. సంఘం కోశాధికారి క్లైవ్ ఒకప్పుడు గొర్రెల వేలం పాట పాడించిన మనిషి. తిన్నని దారి వల్ల చరిత్ర వృథా అవుతున్నదని కనిపెట్టింది అతనే. గొర్రెల్ని ఉన్ని కత్తిరించే చోటికి తోలే కంచెదారిలాగా లోపల తడికెలు కట్టి వంపులు తిప్పాడు. వచ్చినవాళ్ళు కెప్టెన్ గారి ఎడమ బూటూ, దుర్భిణీ దాటి, కంచెలకు కట్టే ముళ్ళతీగల్లో యాభై రకాలు దాటి, పళ్ళు పీకే పాత కుర్చీ చుట్టూ ప్రదక్షిణం చేసి, చెదలు తిన్న పెళ్ళిగౌన్ల నడుమనుంచి పోవాలి. మోకాళ్ళు దగ్గరపెట్టుకుని, చూపు నిటారుగా నిలిపి, పెదవి బిగబట్టి పోయేవాళ్ళు. పూర్వుల ఎదుట అంత వినయంగా, అంత వేగంగా నడిచిన జనం ప్రపంచంలో మరెక్కడా కనపడరు. ఒకావిడ బయటికొస్తూ "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది" అన్నది. లోర్నా ఆ మాటను పటం కట్టించి కెప్టెన్ గారి బొమ్మ కింద తగిలించింది.

వంపులు ఇంకా పెంచడానికి ప్రభుత్వం సొమ్మిస్తానన్నది. ఒకటే షరతు. తెల్లవాళ్ళు రాకముందు నుంచీ అక్కడున్న మొదటి మనుషులకు కూడా ప్రదర్శనలో చోటివ్వాలి. ఇచ్చినదాన్ని మళ్ళీ తీసెయ్యకూడదు. సంఘం వారు కాస్త తికమకపడ్డారు. వారి లెక్కలో చరిత్ర కెప్టెన్ గారు గుర్రం దిగిన మంగళవారం ఫలహారాల వేళ మొదలైంది. అంతకు ముందున్న వేలయేళ్ళూ వట్టి వాతావరణం.

మొదటి మనుషుల తరఫున అడగడానికి మనిషి కొత్తగా పుట్టుకు రానక్కర్లేదు. వాళ్ళలో పెద్దామె మెర్లీన్ ఆంటీ ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. ఆసుపత్రిలో నర్సుగా చేసి విరమించిన మనిషి. సూది వెయ్యడం వల్ల ఊళ్ళో సగంమంది పిర్రలు ఆమెకు గుర్తే కాబట్టి ఆమె ముందు ఎవరూ గొంతు పెంచరు. సరేననడమూ లేదు. ఆమె అడిగింది ఒక్క బోర్డు. కెప్టెన్ గారు దాహంతో వాగు మలుపుకి వచ్చాడనీ, ఆమె ముత్తవ్వ వాళ్ళు నీళ్ళు చూపించారనీ, కొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున ఆయన తుపాకులవాళ్ళను వెంటేసుకుని మళ్ళీ వచ్చాడనీ అందులో ఉండాలి. ఆ పొద్దు వాగులో పడ్డవాళ్ళకు పేర్లున్నాయి. రెల్లులో దాక్కుని చూసిన పిల్ల ఆ పేర్లు తన పిల్లలకు చెప్పింది. అవి ఒక గోడమీద ఉండాలి. మెర్లీన్ ఆంటీ చచ్చేలోగా చూడాలనుకున్నది అంతే.

సంఘం సమావేశమై గోడ గోడనూ పరిశీలించింది. ఏ గోడా ఖాళీ లేదు. ముళ్ళతీగల్ని కదిలిస్తే వారసత్వం దెబ్బతింటుంది. చివరికి క్లైవే మార్గం చూపించాడు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకు ఎదురుగా ఒక జానెడు గోడ ఉంది. "అక్కడిదాకా వచ్చినోళ్ళకి కళ్ళు కనపడవులే" అన్నాడు. ఇది ఉభయతారకమైన పరిష్కారమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

లోర్నా బెదురు బెదురుగా మెర్లీన్ ఆంటీని తీసుకెళ్ళి ఆ గోడ చూపించింది. పెద్దామె గోడను చూసింది. వెనక్కి తిరిగి తలుపును చూసింది.

"ఆడాళ్ళకి ఇదొక్కటేనా?"

"ఒక్కటే ఆంటీ."

"అయితే చాలమ్మా" అన్నది.

బస్సునిండా ఆడవాళ్ళు, దొడ్డి ఒకటి. లైను తప్పదు. లైను నిలిచేది ఆ బోర్డు ముందే. రేకుల కొట్టం కాబట్టి ఫోన్లు పనిచెయ్యవు. చెప్పుకోవలసిన మనవల కబుర్లు బస్సులోనే అయిపోయాయి. ఇక చదవడం తప్ప గతిలేదు. ముందున్నవాళ్ళు చదివారు. కళ్ళజోడు బస్సులో మర్చిపోయినవాళ్ళకు వెనకున్నవాళ్ళు చదివి వినిపించారు. దొడ్డి లైనులో ఉన్న ఏకాగ్రత విశ్వవిద్యాలయాల్లో ఉంటే దేశం ఎప్పుడో బాగుపడేది.

గులాబిరంగు టోపీ పెట్టుకున్న ఒకావిడ బయటికొచ్చి, వాగు మలుపు ఎక్కడని లోర్నాను అడిగింది. అక్కడిప్పుడు బల్లలు వేశామనీ, మాంసం కాల్చుకోవడానికి పొయ్యిలు కూడా ఉన్నాయనీ లోర్నా సంతోషంగా చెప్పింది.

"ఆ పేర్లున్నోళ్ళని చంపింది అక్కడేనా?"

దానిమీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయన్నది లోర్నా.

"ఎవరికమ్మా? చచ్చిపోయినోళ్ళకా?"

లోర్నా బల్లమీద అమ్మకానికి పెట్టిన తువ్వాళ్ళను సర్దసాగింది. ఆ బోర్డు ఆమె చదవనే లేదు. ఆమె ఇల్లు పక్కనే కాబట్టి లైనులో నిలబడే అవసరం ఎన్నడూ రాలేదు. టోపీ ఆవిడ అంతకుముందే కొన్న తువ్వాలును సంచిలోంచి తీసి బల్లమీద పెట్టింది. దానిమీద కెప్టెన్ గారి బొమ్మ ఉంది.

"ఈయన మొహంతో నేను కప్పులు తుడుచుకోలేనమ్మా. ఏమనుకోకు."

ఆ రోజు నుంచి తువ్వాళ్ళు వెనక్కి రావడం మొదలైంది. యాత్రికులు వాగు మలుపు దగ్గర తినడానికి ఒప్పుకోక బస్సులోనే కూర్చుని స్కోన్ రొట్టెలు తిన్నారు. సీట్లనిండా జామూ మీగడా అయిందని డాజా గోలపెట్టాడు. బడిపిల్లలు కెప్టెన్ గారిని గురించి టీచర్లను ప్రశ్నలు అడుగుతున్నారని తెలిసి ఊరి పెద్దలు ఖిన్నులయ్యారు. లోర్నాకు అన్నిటికన్నా నొప్పి పుట్టించింది వేరు. పొద్దున తలుపు తీయగానే కెప్టెన్ గారి పటానికి చిన్నప్పటినుంచీ నవ్వుతూ చెప్పే శుభోదయం ఇప్పుడు పటంకేసి చూడకుండా చెప్పవలసి వస్తున్నది.

బోర్డు తీసేద్దామంటే షరతు. మళ్ళీ క్లైవే దిక్కయ్యాడు.

"గొర్రె నిలబడితేనే అటూ ఇటూ చూస్తది లోర్నా. నిలబడనియ్యొద్దు."

ఇలా టక్‌వెల్ పట్టణంలో స్త్రీల గౌరవార్థం మరుగుదొడ్ల మహోద్యమం ప్రారంభమైంది. విరాళాలు వెల్లువెత్తాయి. జీవితంలో ఎన్నడూ భార్యకోసం తలుపు తెరిచి పట్టుకోని మగవాళ్ళు సైతం ఆడవాళ్ళు లైనులో నిలబడడం నాగరికతకు మచ్చ అని ఉపన్యసించారు. కొత్త దొడ్లు వరసగా లేచాయి, పలకరాళ్ళతో, అద్దాలతో. లైను మాయమైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే లోపలికి, పోయినట్టే బయటికి. బోర్డు అక్కడే ఉంది. షరతు షరతే. రాష్ట్రంలోకెల్లా సందర్శకులకు అనుకూలమైన చారిత్రక స్థలమన్న బహుమతి టక్‌వెల్‌కు వచ్చింది.

బహుమతి సభకు పందిరి వేశారు. తెల్లకుర్చీలు వేశారు. ఈగలు వాలకుండా స్కోన్ల మీద వల కప్పారు. ఏ సభయినా ఆ నేల మొదటి మనుషుల్లో ఒకరు స్వాగతం చెప్పందే మొదలు కాకూడదని ఇప్పటి మర్యాద. తమ నేలకు తామే స్వాగతం చెప్పాలి, తర్వాత పక్కకు తప్పుకోవాలి. పిలవడానికి మెర్లీన్ ఆంటీ తప్ప ఎవరున్నారు? క్లుప్తంగా ముగించమని క్లైవ్ ఆమె చెవిలో వేశాడు.

ఆమె ముందు తన భాషలో స్వాగతం చెప్పింది. తర్వాత అందరికీ తెలిసిన భాషలో మొదలుపెట్టింది. దాహం. నీళ్ళు. తెల్లవారుజాము. తుపాకులు. రెల్లు. అటు తర్వాత పేర్లు, ఒక్కొక్కటిగా, తొందర లేకుండా. చివరి పేరు పాలు తాగే పిల్లది.

లోర్నా వినడం అదే మొదటిసారి. ముందు వరసలో కుర్చీ అంచు పట్టుకుని, తలమీద ఎప్పుడు రాయి పడుతుందా అని కళ్ళు దించుకుంది. వెనకనుంచి ఎవరో ఒకరు లేస్తారు, అడుగుతారు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నది. నిజమేనని చెప్పేద్దామని కూడా ఒక క్షణం అనిపించింది.

ఎవరూ అడగలేదు. చప్పట్లు మొదలయ్యాయి. ఎంతకీ ఆగలేదు. మేయరు కళ్ళు తుడుచుకుని, ఇంతటి మహత్తర సంస్కృతికి నిలయమైనందుకు టక్‌వెల్ గర్విస్తున్నదనీ, ఇటువంటి పట్టణాన్ని స్థాపించిన కెప్టెన్ గారికి ఈ బహుమతిని అంకితమిస్తున్నామనీ ప్రకటించాడు. మళ్ళీ చప్పట్లు. పక్కనున్న ఆవిడ లోర్నా చెయ్యి నొక్కింది. "ఆమె గొంతు ఎంత చల్లగా ఉందమ్మా. వచ్చిన ప్రతి బస్సుకీ పెట్టించరాదూ."

లోర్నాకు గుండెల మీదినుంచి బండ దిగినట్టయింది. చెప్పేద్దామనుకున్న మాట ఎక్కడికి పోయిందో ఆమె వెతకలేదు. టీ పట్టుకుని మెర్లీన్ ఆంటీ దగ్గరికి పోయింది.

"ఎంత బాగా చెప్పారు ఆంటీ. నేనే ఊరికే భయపడ్డాను."

మెర్లీన్ ఆంటీ టీ అందుకోలేదు.

"లైన్లో నిలబెట్టినన్నాళ్ళూ అడిగారమ్మా. ఇప్పుడు కుర్చీలేసి కూర్చోబెట్టారు. ఇంకేం అడుగుతారు, చప్పట్లు కొడతారు."

కుర్చీల విషయంలో ఆమె సూచన సంఘానికి ఎంతో నచ్చింది. మెత్తలున్నవి తెప్పించారు. ప్రతి బస్సుకూ వచ్చి చెప్పమంటే ఆమె రానన్నది. ఇబ్బంది లేదు, గొంతు ఆ రోజే రికార్డు చేసి ఉంచారు. ఇప్పుడు యాత్రికులు దిగీ దిగగానే హాయిగా కూర్చుని, స్కోన్లు తింటూ ఆ పేర్లు వింటారు, పాలు తాగే పిల్ల దగ్గర తప్పకుండా కంటతడి పెడతారు, లేచి కెప్టెన్ గారి తువ్వాళ్ళు కొంటారు. అమ్మకాలు బాగున్నాయి.

ఇంతకీ మీరు కూడా ఇదంతా కూర్చునే చదివి ఉంటారు.