చేపకు తగిన సహవాసం

ఫసలీ 1353లో, అంటే 1944లో, పాల్మాకుల దాటగానే వచ్చే ఒక చిన్న ఊరికి గొప్ప గౌరవం దక్కింది. నగరంలోని ఒక నవాబుగారు ఆ ఊరి పటేలు అనంతయ్యగారికి ఆరు చేపలను కానుకగా పంపారు. అవి తినే చేపలు కావు, చూసే చేపలు. యుద్ధానికి ముందు ఓడలో వచ్చినవి. జానెడు పొడవు, వెండి ఒళ్ళు, ఎర్ర రెక్కలు. మూరెడు దాకా పెరుగుతాయట. ఏ పనీ చేయకుండా ఊరికే చూడడానికి ఉండేవి ఆ ఊళ్ళో పెద్దమనుషుల రూపంలో అప్పటికే చాలా ఉన్నందువల్ల ఎవరూ ఆశ్చర్యపోలేదు.

చేపలతోపాటు ఉర్దూలో ఒక చీటీ వచ్చింది. చదవడానికి కుర్మయ్య కూతురు స్వరాజ్యాన్ని పిలిపించారు. పదిహేనేళ్ళ పిల్ల. ఊరి బడిలో ఉన్న తరగతులన్నీ పూర్తి చేసింది. నలుగురిలో నోరు తెరవమంటే మాత్రం ఆమెకు ప్రాణం పోయినంత పనయ్యేది. "ఇవి గుంపులో బతికే చేపలు. ఆరూ ఒకేచోట ఉండాలి. మనిషి కాళ్ళు చాపుకొని పడుకునేంత నీళ్ళ హౌజు కావాలి. కొట్లాడే చేపను కలపవద్దు." చీటీలో ఉన్నది ఇంతే. స్వరాజ్యం మొదటి మాట గొణిగిందో లేదో, పటేలుగారు చెయ్యెత్తారు.

"చాలు బిడ్డా. సలాములు గిట్ల రాసి ఉంటరు. నవాబుల మర్యాద నాకెరుకలేదా?"

స్వరాజ్యం చీటీ మడిచి ఇచ్చేసింది. ఇంటికి వెళ్ళి, రోజూ రాసుకునే నోటుబుక్కులో ఆ నాలుగు మాటలూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించింది. చేపల పట్ల తన బాధ్యత అంతటితో తీరిందని తృప్తిగా అన్నం తిన్నది.

పటేలుగారు శంషాబాద్ బజారు నుంచి గాజుపెట్టె తెప్పించారు. అంతకుముందు అందులో లడ్డూలు ఉండేవి. లడ్డూలకు సరిపోయినది చేపలకు సరిపోలేదు; ఆరు చేపలూ ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. పెద్దలు సమావేశమయ్యారు. పటేలుగారు ఉపన్యసించారు.

"గుంపుల తిరిగేటియి గొర్లు. గంత ఖాందాన్ ఉన్న చేప పదిమందితోని తిరుగుతదా? ఒక్కదానికి ఒక మహల్ ఉండాలె!"

ఐదు చేపలు ఐదుగురు పెద్దమనుషుల ఇళ్ళకు జాడీలలో గౌరవంగా వెళ్ళాయి. వారం తిరగకముందే గౌరవంగా పోయాయి కూడా. పటేలుగారి చేప తిండి మానేసి, మూలకు మూతి పెట్టి నిలబడింది.

దానికి తోడు కావాలని పటేలుగారికి అప్పుడు తట్టింది. అయితే ఎవరు పడితే వారు పనికిరారు కదా. హోదాలో, పొడవులో సరితూగేది కొర్రమీనేనని పెద్దలు తేల్చారు. చేపలు పట్టే పెంటయ్య ఏదో చెప్పబోయి, పటేలుగారి మీసం చూసి, కొర్రమీనును తెచ్చి వేశాడు. తెల్లవారేసరికి నవాబుగారి చేపకు తోక సగమే ఉంది. కొర్రమీనును వెంటనే వంటింటికి బదిలీ చేశారు.

ఇక మిగిలింది మనుషులు. ఇంటికొకరు, పూటకొకరు వచ్చి చేప ముందు కూర్చోవాలని తీర్మానం జరిగింది. వెట్టిని సర్కారు రద్దు చేసినందువల్ల దీన్ని వెట్టి అనలేదు, సహవాసం అన్నారు. కూలి ఇవ్వకపోవడం ఒక్కటే పాత పద్ధతిలో ఉంచారు. రైతు బాలమల్లు తన వంతునాడు ఎద్దుకు సోకిన గాలికుంటు రోగం గురించి చెప్పుకొని ఏడ్చాడు. చేప ముందు నీచమైన సంగతులు ఎత్తవద్దని అతన్ని మందలించారు.

స్వరాజ్యం వంతు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. ఆమె చేపకు చీటీ సంగతంతా గడగడా చెప్పేసింది. మనిషి లేనిచోట ఆమె మంచి వక్త. ఇవాళ పటేలుగారికి చెప్పి తీరాలనుకొని, "పటేలా, దీనికి దాని తోటి చేపలు కావాలె" అన్న ముక్కను ఏడుసార్లు వల్లె వేసింది. అంతలో పటేలుగారే వచ్చారు.

"ఏం బిడ్డా, ఎట్లున్నది మన చేప?"

చేప పక్కకు ఒరిగి తేలుతోంది.

"మంచిగున్నది పటేలా," అన్నది స్వరాజ్యం.

"శాబాష్! నడుము వాల్చింది సూడు. మన ఊరి నీళ్ళు పడ్డయి దీనికి!"

సాయంత్రానికి చేప చచ్చిపోయింది. విచారణలో నేరం బాలమల్లు ఎద్దు మీద తేలింది. స్వరాజ్యాన్ని మాత్రం పటేలుగారు నలుగురిలో మెచ్చుకున్నారు. "నోట్లె నాలుక లేని పిల్ల. సహవాసమంటే గట్లుండాలె!"

కబురందుకున్న నవాబుగారు జాలిపడి, తమ వద్ద మిగిలిన ఆరింటినీ పంపించారు. ఈసారి పటేలుగారు వాటిని సహవాసంలో రాణించిన ఆరిళ్ళకు బహుమతిగా పంచారు. కుర్మయ్య ఇంటికీ ఒకటి వచ్చింది. స్వరాజ్యం తల్లి శివమ్మ జాడీకి కుంకుమబొట్టు పెట్టి, బాటన పోయేవాళ్ళకు కనపడేటట్టు గడప పక్కన నిలిపింది.

మూడోనాడు పక్కింటి ముత్తమ్మ తన జాడీ చంకన పెట్టుకొని వచ్చింది.

"స్వరాజ్యం, మా చేప మూతి ముడుసుకున్నది బిడ్డా. రెండింటిని మా మోటబావిల ఇడుద్దామా? మిగతా నాలుగిండ్లోళ్ళను కూడ అడుగుత. తోడుంటే బతుకుతయి."

స్వరాజ్యం ముత్తమ్మ జాడీని చూసింది. తమ జాడీని చూసింది. తమది ఒక బెత్తెడు ఎక్కువ ఎత్తు. వాకిట్లో అప్పటికి పదిమంది దాకా చేరారు.

"మా చేప అందరితోని కలువది, అత్తా!" అన్నది.

ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. బిడ్డకు ఇన్నాళ్ళకు మాటలొచ్చినయని శివమ్మ మురిసిపోయి, అక్కడికక్కడే దిష్టి తీసింది.